33 నంబరు తిరిగొచ్చాడు: ఒహాయో స్టేట్ లైన్‌బ్యాకర్ల కోచ్‌కి నా రేటింగ్

రేటింగ్: ఐదుకి నాలుగున్నర చుక్కలు.

హోటల్లో ఇడ్లీ బాగుందో లేదో డబ్బు కట్టి తిన్నవాడు చెప్పొచ్చు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్టు ఆటకి నేనూ డబ్బు కట్టే వెళ్తాను. కాబట్టి తమ పాత స్టార్ ఆటగాడు జేమ్స్ లారినైటిస్‌ని లైన్‌బ్యాకర్లకి (డిఫెన్స్‌లో ముందు వరసకి వెనక నిలబడి, బంతి పట్టుకొచ్చేవాణ్ణి పడగొట్టేవాళ్ళకి) అసిస్టెంట్ కోచ్‌గా పెట్టుకున్నాక మాకు వడ్డించిన ఆట ఎలా ఉందో రాస్తున్నాను. ఇది అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి, కాలితో తన్నే మన ఫుట్‌బాల్ కాదు.

2006లో గుంటూరు నుంచి ఎంఎస్ చదవడానికి ఈ యూనివర్సిటీ ఉన్న కొలంబస్ వచ్చాను. ఆ నవంబర్ 18న మా జట్టు ఒకటో ర్యాంకు, మిషిగన్ రెండో ర్యాంకు. నలుగురు రూమ్మేట్లం నేల మీద కూర్చుని, రూల్సు ఒక్కటీ తెలియకుండా టీవీ చూశాం. 42–39తో గెలిచాం. కామెంటేటర్ 'లారినైటిస్' అన్నప్పుడల్లా గొంతు జబ్బు పేరేదో అంటున్నాడనుకున్నాను. అది 33 నంబరు చొక్కావాడి పేరని తర్వాత తెలిసింది. వాళ్ళ నాన్న కుస్తీ పోటీల్లో 'యానిమల్'. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పిచ్చి ఉన్న మా వయసువాళ్ళకి మొహానికి రంగులు, భుజాల మీద మేకులు గుర్తుండే ఉంటాయి. కొడుకు వరసగా మూడేళ్ళు, 2006 నుంచి 2008 దాకా, ఆల్ అమెరికన్, అంటే దేశంలోని ఉత్తమ కాలేజీ ఆటగాళ్ళ జాబితాలో ఒకడు. ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగులో రామ్స్ జట్టుకి ఏడు సీజన్లు, సెయింట్స్‌కి ఒకటి ఆడి, రేడియోలో, టీవీలో విశ్లేషకుడిగా స్థిరపడ్డాడు.

అలాంటివాణ్ణి కోచ్‌గా తెస్తున్నారంటే నాకు నమ్మకం కలగలేదు. షాపు ఓపెనింగుకి హీరోని పిలిచి రిబ్బన్ కత్తిరించినంత మాత్రాన సరుకు బాగుంటుందా?

నా అభిప్రాయం మారింది మా బావమరిది వల్ల. 2025 ఆగస్టు 30న టెక్సస్‌తో ఆట. హైదరాబాద్ నుంచి వచ్చిన అతన్ని కూడా తీసుకెళ్ళాను. లోపలికి తిండి తీసుకెళ్ళనివ్వరు, సంచీ కూడా లోపలున్నది బయటికి కనబడేదే అయి ఉండాలి. అందుకని కారు డిక్కీ తెరిచి అక్కడే పులిహోర తింటున్నాం.

"అంత సంపాదించినవాడు అసిస్టెంటుగా ఎందుకొచ్చాడు బావా? ఇంకెక్కడా పని దొరకలేదా?" అన్నాడు.

"అసిస్టెంటు కూడా కాదురా, ముందు జీఏగా చేరాడు" అన్నాను.

మన ఎంఎస్ పిల్లలకి జీఏ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. నేనూ రెండేళ్ళు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌నే, ప్రొఫెసర్ గారి పేపర్లు దిద్దిపెట్టేవాణ్ణి. ఫుట్‌బాల్‌లో జీఏ అంటే చాలీచాలని జీతం, వీడియోలు కత్తిరించడం, అవతలి జట్టు ఎత్తులు అట్టల మీద గీసి ప్రాక్టీసులో పట్టుకు నిలబడటం. లారినైటిస్ 35 ఏళ్ళప్పుడు, 2022లో, నోటర్ డామ్ అనే ఇంకో యూనివర్సిటీ జట్టులో ఆ పనిలో చేరాడు. అక్కడి హెడ్ కోచ్ మార్కస్ ఫ్రీమన్ ఒకప్పుడు ఇతనితో కలిసి ఇక్కడే ఆడినవాడు. 2023లో సొంత గూటికి వచ్చాడు, అప్పుడూ జీఏగానే. లైన్‌బ్యాకర్లని పూర్తిగా అతనికి అప్పగించింది 2024లో. అంతకుముందు డిఫెన్స్ పెద్ద జిమ్ నోల్స్ వాళ్ళని స్వయంగా చూసుకునేవాడు. ఇదంతా బావమరిదికి చెబుతుంటేనే నాకూ తట్టింది: వీళ్ళు తెచ్చుకున్నది స్టార్‌ని కాదు, రెండేళ్ళు చాకిరీ చేసి వచ్చినవాణ్ణి.

ఆ రోజు బైనాక్యులర్స్‌తో బంతిని వదిలేసి లైన్‌బ్యాకర్లనే చూశాను. మీరూ ఒకసారి అలా చూడండి. కబడ్డీలో రైడర్ చెయ్యి ఊపుతుంటే చేతినే చూసేవాడు మోసపోతాడు, నడుమూ కాళ్ళూ చూసేవాడు పట్టుకుంటాడు. లైన్‌బ్యాకర్ పని కూడా అదే. సానీ స్టైల్స్ అనే కుర్రాడు 2023 దాకా సేఫ్టీ, అంటే అందరికన్నా వెనక కాపలా. 2024లో ముందుకి తెచ్చి లైన్‌బ్యాకర్ని చేశారు (వాళ్ళ నాన్న కూడా ఇక్కడ లైన్‌బ్యాకరే). మొదట్లో అతను ప్రతిదానికీ ఒక అడుగు ఆలస్యంగా కదిలినట్టే అనిపించేది. టెక్సస్ ఆటకొచ్చేసరికి బంతి కదలకముందే తను కదులుతున్నాడు. ఇలాంటిది వీడియో చూపించి నేర్పడం వేరు, ఒళ్ళు హూనం చేసుకుని ఆడినవాడు పక్కన నిలబడి నేర్పడం వేరు. మూడో క్వార్టర్లో మా గోల్ గీతకి ఒక గజం దూరంలో టెక్సస్‌కి నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ (అటాక్ నడిపేవాడు) ఆర్చ్ మానింగ్ బంతితో దూరబోతే అందరూ కలిసి గుట్టలా పడి ఆపేశారు. మా బావమరిది రూల్సు తెలియకపోయినా కుర్చీ ఎక్కి కేకలు పెట్టాడు. 14–7తో గెలిచాం.

ఈ మంచి పేరంతా నోల్స్‌కి పోవాలనేవాళ్ళున్నారు. 2024లో దేశంలో అతి తక్కువ పాయింట్లు, సగటున ఆటకి 12.9, ఇచ్చిన డిఫెన్స్ ఆయనదే, కాదనను. కానీ ఆ సీజన్ అవగానే ఆయన పెన్ స్టేట్ యూనివర్సిటీ జట్టుకి వెళ్ళిపోయాడు, ఆయన చోట్లోకి మాట్ పట్రీషియా వచ్చాడు. పైన పెద్ద మారాడు, లైన్‌బ్యాకర్ల దగ్గర మనిషి మారలేదు. టెక్సస్‌ని 7 పాయింట్ల దగ్గర ఆపింది మారిన తర్వాతే.

గొప్ప ఆటగాళ్ళందరూ నేర్పలేరు. గ్రెగ్ చాపెల్ మన క్రికెట్ జట్టుతో పడ్డ అవస్థ చూశాం. గోపీచంద్ లాంటివాళ్ళు అరుదు. ఆల్ ఇంగ్లండ్ గెలిచిన మనిషి, రియో ఒలింపిక్స్ ముందు సింధు ఫోను లాగేసుకుని మరీ పని చేయించాడు.

మళ్ళీ మా కోచ్ సంగతికొస్తే, 2025 జనవరి 20న అట్లాంటాలో 2024 సీజన్ జాతీయ ఫైనల్. ఎదురుగా నోటర్ డామ్, అంటే లారినైటిస్ మొదటి బాస్ ఫ్రీమన్. 34–23తో మాదే టైటిల్. డిఫెన్స్‌లో ఉత్తమ ఆటగాడు కోడీ సైమన్, లైన్‌బ్యాకరే.

మరి అర చుక్క ఎందుకు కోశానంటే, 2024 నవంబర్ 30. సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 13–10. ఓటమికి అసలు కారణం మా అటాకే, ఒప్పుకుంటాను. కానీ చివరి నిమిషాల్లో వాళ్ళు బంతి పట్టుకుని మధ్యలోంచి పరిగెత్తుకుపోతుంటే ఆపాల్సింది లైన్‌బ్యాకర్లే కదా. ఆ చలిలో పార్కింగ్ దాకా మా అబ్బాయి ఒక్క మాట మాట్లాడలేదు. మరుసటేడు మిషిగన్ వాళ్ళ ఊరు ఆన్ ఆర్బర్ వెళ్ళి 27–9తో బాకీ తీర్చారు. అయినా ఆ అర చుక్క వెనక్కివ్వను. నేను టికెట్టు కొన్నది ముందటేడు ఆటకి.