ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్మ ఆగిపోయిన బొమ్మ

ముందు బస సంగతి చెబుతాను, ఆ కోపం ఇంకా తగ్గలేదు. 2024 సెప్టెంబరులో కాలువ పక్కన ఒక పాత ఇంట్లో గది తీసుకున్నాం. రాత్రికి 148 యూరోలు, ఆపైన 12.5 శాతం టూరిస్టు పన్ను. లిఫ్టు ఉందా అని మెయిల్‌లో అడిగితే కొద్ది మెట్లేనన్నారు. తీరా వెళ్తే మూడు అంతస్తులు, నిచ్చెనలాంటి మెట్లు. మోకాళ్ల నొప్పులతో అమ్మ మధ్యమధ్య కూర్చుంటూ ఎక్కింది. వేరే గది లేదు, డబ్బు వెనక్కి ఇవ్వం అన్నారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు లిఫ్టు ఉందని రాసి ఇస్తేనే డబ్బు కట్టండి.

మర్నాడు రైక్స్‌మ్యూజియం, అంటే నెదర్లాండ్స్ జాతీయ మ్యూజియం, చూశాం. అప్పుడు టికెట్ 22.50 యూరోలు. 18 ఏళ్లలోపు వాళ్లకు ఉచితం, మావాడికి ఆ ఖర్చు తప్పింది. మావారు నేరుగా డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన పేరున్న బొమ్మ 'నైట్ వాచ్' దగ్గరికి వెళ్లిపోయారు. అమ్మ మాత్రం ఒక చిన్న బొమ్మ ముందు ఆగిపోయింది. అదీ రెంబ్రాంట్‌దే, 1631లో వేసిన 'చదువుతున్న వృద్ధురాలు'. వెలుగంతా పుస్తకం మీదే. ముడతలు పడ్డ చెయ్యి పేజీకి ఆనించి, వరుస తప్పకుండా చదువుకుంటోంది ఆ అవ్వ. మా అమ్మ నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దింది. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతుంది.

"ఈవిడ కూడా పెద్దయ్యాకే నేర్చుకుందేమోనే" అంది.

రెంబ్రాంట్ శిష్యుడు గెరిట్ డౌ వేసిన చదివే అవ్వ కూడా ఇక్కడే ఉంది. ఆమె చేతిలోని పుస్తకంలో లూకా సువార్త 19వ అధ్యాయాన్ని గుర్తుపట్టొచ్చు, అంత సన్నటి పని. రెంబ్రాంట్ పుస్తకంలోవి హీబ్రూ అక్షరాల్లా ఉంటాయి గానీ చదవలేం. నాకు డౌ పనితనం ముచ్చటేసింది. అమ్మ అటు ఒకసారి చూసి మళ్లీ మొదటి అవ్వ దగ్గరికే వచ్చింది. చదవడానికి పడే కష్టం ఆ చేతిలోనే ఉంది, అమ్మదే సరైన చూపు.

బైబిల్‌ను ఎవరికి వాళ్లే చదువుకోవాలన్న ప్రొటెస్టంట్ల పట్టుదల అక్కడ చదువుని పెంచింది. అయినా 1630లో ఆమ్‌స్టర్‌డామ్ పెళ్లి రిజిస్టర్లలో సంతకం పెట్టగలిగినవాళ్లు వరుల్లో 57 శాతం, వధువుల్లో 32 శాతమే. ఇది చెప్పగానే అమ్మ, "రేషన్ కార్డుకి నేనూ వేలిముద్రేగా వేశాను" అంది.

వెర్మీర్ అనే ఇంకో డచ్ చిత్రకారుడు వేసిన, నీలం బట్టల్లో ఉత్తరం చదివే అమ్మాయి బొమ్మ దగ్గర జనం ఎక్కువ. అది చూడాలంటే ఉదయం 9కే వెళ్లండి.

ఒంటిగంటకి మావారు ఆకలితో విసుక్కుంటున్నారు. అమ్మ ఆ అవ్వని ఇంకోసారి చూసొస్తానంది. మళ్లీ పైకి వెళ్లాం, ఇక్కడ లిఫ్టు ఉంది.