క్లాక్ టవర్ దగ్గరి డీటీపీ షాపు: గీతలు వచ్చాయి, ఓపిక పోయింది

అనంతపురం క్లాక్ టవర్ దగ్గర ఒక డీటీపీ షాపు, పేరు రాయను. అద్దె అగ్రిమెంట్ చేయించుకుందామని వెళ్లాను. పేరు, తండ్రి పేరు, డోర్ నంబరు దగ్గర పెన్నుతో నింపుకోవడానికి ఖాళీ గీతలు కావాలి, అంతే కదా!

షాపులో పనిచేసే అబ్బాయి ఎంఎస్ వర్డ్ తెరిచి, షిఫ్ట్ నొక్కిపట్టి హైఫన్ మీద టకటకా కొట్టుకుంటూ పోయాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. తీరా మా ఓనరు పేరు ఇప్పుడే టైప్ చేసెయ్ అన్నానా, పేరు ఎంత పొడుగుందో గీత అంత ముందుకు జరిగి, కింది లైన్లో పడి, పేజీ మొత్తం చెదిరింది. సరేనని కంట్రోల్ యూ నొక్కి స్పేస్ బార్ కొట్టాడు. మాటల మధ్యలో గీత వచ్చింది గానీ లైను చివర స్పేసులకు రాలేదు, వర్డ్ అక్కడ మామూలుగా వేయదు.

ఇంతలో టీ తాగి షాపాయన వచ్చాడు. ట్యాబ్స్ బాక్సు తెరిచి, కుడి అంచు కొలతకు ట్యాబ్ పెట్టి, లీడర్‌లో (ట్యాబ్ ఖాళీని నింపే గీత రకం) 4వది, అంటే కింది గీత, ఎంచుకుని, ఒక్కసారి ట్యాబ్ నొక్కాడు. గీతలన్నీ ఒకే చోట ఆగాయి! సంతకాల చోట టేబుల్ వేసి కింది బార్డర్ మాత్రం ఉంచాడు, దాని మీద పేరు కొట్టినా గీత కదల్లేదు.

పని తెలిసినాయనే, కాదనను. కానీ పాడైన నాలుగు ప్రింట్లకు కూడా డబ్బులు తీసుకోవడమేంటన్నా? అయిదు స్టార్లకు మూడు. ఆయన సీట్లో ఉంటేనే వెళ్లండి.