ఓక్ పీపా అని మామిడి చెక్క అంటగడుతున్నారు, జాగ్రత్త

"విస్కీ ఓక్ పీపా, ఇంటి బీరు కిట్ ఉచితం" అంటూ హైదరాబాద్ చిరునామాతో ఆన్‌లైన్‌లో తిరుగుతున్న ప్రకటన మీకూ కనిపించి ఉంటుంది. డబ్బు కట్టే ముందు ఇది చదవండి. అయిదు లీటర్ల పీపాకు రూ. 8,500 తీసుకుని, అమెరికన్ వైట్ ఓక్ అని చెప్పి, మామిడి చెక్కది పంపారు.

నాకు కావలసింది బీరుకు కాదు, ద్రాక్ష వెనిగర్‌ను కొన్ని నెలలు ఓక్‌లో నిలవ పెట్టడానికి. అయితే టెక్సాస్‌లో ఉద్యోగం చేసినప్పుడు మిత్రులతో కలిసి ఇంపీరియల్ స్టౌట్ అనే ఘాటైన నల్ల బీరు కాచి, బర్బన్ (మొక్కజొన్న ప్రధానంగా చేసే అమెరికన్ విస్కీ) పాత పీపాలో పోసేవాళ్లం. అమెరికాలో ఇంటి అవసరానికి బీరు కాచుకోవడాన్ని 1978 నాటి ఫెడరల్ చట్టం అనుమతించింది. బర్బన్‌ను లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రల్లోనే నిలవ పెట్టాలన్నది అక్కడి నియమం కనుక, ఒకసారి వాడిన పీపాలు బయట అమ్మకానికి వస్తాయి. వాటి లోపల బొగ్గు నలుపు, వెనిలా వాసన ఉంటాయి. పలకలను పట్టి ఉంచేది ఇనుప పట్టీల బిగింపే; జిగురు, మేకులు ఉండవు.

నాకు వచ్చినదాని బిరడా తీస్తే కొత్త బీరువా తలుపు తెరిచినట్టు గుప్పున వార్నిష్ వాసన. టార్చి వేసి చూస్తే లోపలంతా మెరుస్తున్న పాలిష్, అడుగు పలక చుట్టూ మేకుల మొనలు. మా వీధి వడ్రంగి మేస్త్రి గోటితో గీకి చూసి, "మామిడి చెక్కే సార్, పైన రంగు పూశారు" అన్నాడు. ఆల్కహాలు గానీ ఆమ్లం గానీ తగిలితే ఇలాంటి పూత కరిగి లోపలి ద్రవంలో కలవవచ్చు. వెనిగర్‌కు మేకులు తగిలితే ఇనుము కరుగుతుంది. అలంకారానికి ముందు గదిలో పెట్టుకోవలసిన వస్తువు ఇది.

నీళ్లు పోసి కూడా చూశాను. ఎండిన అసలు పీపా మొదట కారుతుంది. ఒకటి రెండు రోజుల్లో చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. ఇది కారుతూనే పోయింది. వైట్ ఓక్ నాళాలను చెట్టే టైలోసిస్ అనే పూడికతో మూసేస్తుంది, ద్రవం నిలిచేది అందువల్లే. రెడ్ ఓక్‌లో ఆ పూడిక అంతగా ఉండదు. దాని ముక్కను ఒక కొస నీళ్లలో ముంచి రెండో కొస నుంచి ఊదితే బుడగలు వస్తాయి. అంటే ఓక్ అన్న మాట ఒక్కటే చాలదు, ఏ ఓక్ అని అడగాలి.

కిట్ సంగతి ఇంకా ఘోరం. ఈస్ట్ పొట్లం మీద గడువు తేదీ లేదు. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు పాత జున్ను కంపు కొడుతున్నాయి. "పది రోజుల్లో ఘాటైన బీరు" అంటున్న కరపత్రం, పులుస్తున్న ద్రవాన్ని పీపాలో పోసి బిరడా గట్టిగా బిగించమంటోంది! పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. బయటికి దారి లేకపోతే బిరడా ఎగిరిపోవచ్చు, పలకలు విడిపోవచ్చు. పది శాతం ఆల్కహాలు దాటే స్టౌట్ ముందు వేరే పాత్రలో పూర్తిగా పులియాలి, ఆ తర్వాతే పీపాలోకి వెళ్లాలి.

"ఇంట్లో తాగడానికైతే లైసెన్సు అక్కర్లేదు" అని కూడా ఫోనులో ధీమాగా చెప్పారు. అబద్ధం. తెలంగాణలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. నగరంలో బీరు కాచి అమ్మే మైక్రోబ్రూవరీలు లైసెన్సు తీసుకునే నడుస్తున్నాయి. రేపు ఇబ్బంది వస్తే జవాబు చెప్పుకోవలసింది కొన్నవాళ్లే.

వాపసు అడిగితే "ఆర్డరు మీద చేసిన సరుకు, తీసుకోం" అన్నారు. వర్ణనకు సరిపోలని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఆ మాట రాసి పంపాక సగం ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు, 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. కొన్న ధర అయిదు లక్షల లోపైతే రుసుము కూడా లేదు.

ఇదే విక్రేత దగ్గర కొన్నవాళ్లుంటే ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు, పీపా లోపలి ఫొటోలు దాచి ఉంచండి. నా బిల్లులో "చెక్క పీపా" అని మాత్రమే రాసి ఉంది. ఇప్పుడు వాళ్లు పట్టుకుని వేలాడుతున్నది ఆ రెండు మాటలనే. కాబట్టి కొత్తగా కొనేవాళ్లు చెక్క పేరు, ఆహార పదార్థాలకు పనికొస్తుందన్న మాట బిల్లులో రాయించుకున్నాకే డబ్బు కట్టండి.