హాకీ ఆటగాడి వికీపీడియా వ్యాసం: ముందు పట్టికా, కథనమా?

ప్రొఫెషనల్ ఐస్ హాకీ ఆటగాడి వ్యాసాన్ని మెరుగుపరచాలంటే రెండు దారులు. పట్టిక తేలిక. మ్యాచ్‌లు, గోల్స్, అసిస్ట్‌లు (సహచరుడి గోల్‌కు సాయపడిన పాస్‌లు) సీజన్లవారీగా నింపేస్తే పని అయిపోతుంది; ఇంకా ఆడుతున్నవాళ్లయితే అంకెలు మారుస్తూనే ఉండాలి.

కథనానికి ఓపిక కావాలి. కెనడా ఐస్ హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీనే తీసుకోండి. 1981-82లో 92 గోల్స్ అని పట్టిక చెబుతుంది. వాటిలో మొదటి 50 కేవలం 39 మ్యాచ్‌లలోనే వచ్చాయనీ, 1988లో కెనడాలోని ఎడ్మంటన్ జట్టు ఆయన్ని అమెరికాలోని లాస్ ఏంజెలెస్ జట్టుకు ఇచ్చేస్తే కెనడా అభిమానులు ఎంత కలత చెందారో వాక్యాలే చెప్పాలి. పైగా బతికున్న మనిషి కాబట్టి, వివాదానికి తావున్న ప్రతి మాటకూ నమ్మదగిన మూలం తప్పనిసరి. అది దొరక్కపోతే ఆ మాట తీసేయాల్సిందే.

నేనైతే కథనంతోనే మొదలుపెడతాను. పట్టిక తర్వాతైనా నింపుకోవచ్చు.