క్రీక్ ప్రజల చరిత్ర చూడాలంటే జార్జియాకా, ఓక్లహోమాకా?

అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి ఆదివాసీ తెగల్లో ఒకటైన క్రీక్ (మస్కోగీ) ప్రజల గురించి చూసి తెలుసుకోవాలంటే రెండు చోట్లున్నాయి. ఒకటి జార్జియాలో మేకన్ దగ్గర వీళ్ల పూర్వీకులు కట్టిన మట్టిదిబ్బల పార్కు. రెండోది ఓక్లహోమాలోని ఓక్మల్గీ, అంటే ఇప్పటి మస్కోగీ నేషన్ (వాళ్ల సొంత తెగ ప్రభుత్వం) రాజధాని.

దూరం: మేకన్ అట్లాంటా నుంచి సుమారు గంటన్నర. ఓక్మల్గీ టల్సా నుంచి ముప్పావుగంటే గానీ, డాలస్ నుంచి నాలుగు గంటలు.

ఖర్చు: మేకన్ పార్కుకు మామూలు రోజుల్లో టికెట్ లేదు. ఓక్మల్గీకి దూరం నుంచి వెళ్తే హోటల్ ఖర్చు కలుపుకోండి.

శ్రమ: మేకన్‌లో పెద్ద దిబ్బ మెట్లెక్కాలి, ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం వద్దు. అక్కడే ఉన్న మట్టి సభామందిరంలోకి బాగా వంగి దూరాలి. పైకప్పు కొత్తదే గానీ మట్టినేల వెయ్యేళ్లనాటిది. గోడ వెంబడి 47 మట్టి ఆసనాలు, ఎదురుగా పక్షి ఆకారపు వేదిక. ఓక్మల్గీలో నడక తక్కువ: 1878 నాటి రాతి కౌన్సిల్ హౌస్, ఇప్పుడు మ్యూజియం. వాళ్ల చట్టసభలోని రెండు సభలు, రాజుల సభ, యోధుల సభ, అక్కడే కూడేవి.

రిస్క్: మ్యూజియం వేళలు ముందే చూసుకోకపోతే తాళం కనిపించొచ్చు.

పిల్లలతో ఒక్కరోజు ట్రిప్పయితే మేకన్. కానీ అదొక్కటే చూస్తే వీళ్లు ఎప్పుడో అంతరించిపోయారనిపిస్తుంది. 1830ల్లో అమెరికా ప్రభుత్వం సొంతగడ్డ నుంచి ఇప్పటి ఓక్లహోమాకు తరిమేశాక వీళ్లు మళ్లీ తమ ప్రభుత్వం ఎలా నిలబెట్టుకున్నారో తెలియాలంటే ఓక్మల్గీకే వెళ్లండి.