‘ఐడెంటిటీ’ (2003): వానలో మోటెల్, వెనక్కి నడిచే తాళంచెవులు

నెవాడా ఎడారిలో కుండపోత. రోడ్డు రెండువైపులా మునిగింది, ఫోన్ లైన్లు తెగిపోయాయి. మేనేజర్‌తో కలిపి పదకొండు మంది ఒక పాత మోటెల్‌లో చిక్కుకుంటారు. మొదటి శవం దగ్గర 10వ నంబరు తాళంచెవి, తర్వాతిదాని దగ్గర 9. దర్శకుడు జేమ్స్ మాంగోల్డ్, రచయిత మైకేల్ కూనీ. నిడివి గంటన్నర.

అసలు పనితనం మొదటి పావుగంటలోనే ఉంది. ముందు మనకు కనిపించేది ఫలితం: రక్తం కారుతున్న భార్యను మోసుకుంటూ ఒకతను మోటెల్లోకి దూసుకొస్తాడు. అక్కణ్నుంచి ఒక్కో కారణమే వెనక్కి వెళ్తాం. లైటర్ కోసం ఒకమ్మాయి సూట్‌కేసు తెరిస్తే సామాన్లు గాలికి ఎగిరిపోతాయి. రోడ్డు మీద పడ్డ ఆమె హైహీల్ చెప్పు ఇంకో కారు టైరులో దిగబడుతుంది. ఆ కారాయన స్టెప్నీ మారుస్తుండగా, పక్కన నిలబడ్డ భార్యను లిమోజిన్ గుద్దేస్తుంది. డ్రైవర్ చూపు అప్పుడు రోడ్డు మీద లేదు, నటీమణి ఫోను గొడవలో ఉంది. ఎక్కడా సంభాషణతో వివరణ లేదు, ఎడిటింగే కథ చెప్పేస్తుంది.

టైటిల్స్ దాటించకండి. టేపులో వినిపించే మాటలు, పేపర్ కటింగులు, మెట్ల మీద లేని మనిషి గురించిన చిన్న పద్యం, అన్నీ తర్వాత పనికొచ్చేవే. సినిమా దాదాపు మొత్తం రాత్రి, వాన. పగటి వెలుగులో ఫోనులో చూస్తే సగం కనిపించదు. బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్‌లో తెగిన తల దొరికే సీను ఉంది, పిల్లలతో కూర్చుని చూసేది కాదు.

జాన్ క్యూసాక్, రే లియోటా బరువు మోస్తారు. నాకు ఎక్కువ నచ్చింది మేనేజర్ లారీగా జాన్ హాక్స్: ప్రతి మాటా ఏదో దాస్తున్నట్టే ఉంటుంది. మోటెల్ కథకు సమాంతరంగా, ఒక హంతకుడి మరణశిక్ష ఆపాలా వద్దా అని అర్ధరాత్రి జరిగే విచారణ మాత్రం పలచన. ఆల్ఫ్రెడ్ మోలినా లాంటి నటుడికి డాక్టరు వేషమిచ్చి, ప్రేక్షకుడికి పాఠం చెప్పించారు.

చూడనివాళ్లు ఇక్కడ ఆగండి. పారిపోయిన ఖైదీ ఎంత పరుగెత్తినా అదే మోటెల్‌కి చేరడం, అందరి పుట్టినరోజూ మే 10 కావడం, పేర్లన్నీ అమెరికా రాష్ట్రాలను గుర్తుచేయడం న్యాయమైన ఆధారాలే. ‘ఇదంతా ఒకడి మనసులో’ అన్న మలుపు, అంటే ఈ పాత్రలన్నీ ఆ హంతకుడిలోని వేర్వేరు వ్యక్తిత్వాలే అన్నది, అందుకే నిలబడింది. చివరి మలుపు నిలబడలేదు. గాయపడ్డ భార్య కొడుకు, ఆ పసివాడు, అన్ని హత్యలు ఎలా చేశాడో గబగబా చూపించి దాటేశారు. మనసులో జరిగిందే కదా అని సర్దుకోవచ్చు. కానీ గంటసేపు ఎవరెక్కడున్నారు, ఎవరు ఏ గదిలోకి వెళ్లారు అని మనచేత లెక్క వేయించిన సినిమా, చివర్లో లెక్కలు అడగొద్దంటే ఎలా? పైగా పాత్రలను ఒక్కొక్కటిగా చంపించి ఆ హంతకుడి రోగాన్ని నయం చేయడం సినిమా వైద్యం, అసలు వైద్యం కాదు. రెండోసారి చూస్తే ప్రతి తాళంచెవి దొరికే ముందు ఫ్రేములో ఎవరు లేరో గమనించండి.