పేటెంట్ నోటీసు వస్తే రాజీయా, పోరాటమా?

అమెరికాలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపే మనవాళ్లకి, ఏమీ తయారుచేయకుండా పేటెంట్లు కొని కేసులేసి బతికేవాళ్ల నుంచి ‘మా పేటెంట్ వాడారు, డబ్బు కట్టండి’ అని నోటీసు వస్తే మొదలయ్యే టెన్షన్ ఇది.

ఖర్చు: రాజీకి అడిగేది చాలాసార్లు లాయరు ఫీజుకన్నా తక్కువే, కిటుకంతా అందులోనే ఉంది. పోరాటానికి లక్షల డాలర్లు కావాలి, గెలిచినా ఆ ఖర్చు సాధారణంగా మనదే.

సమయం: రాజీ త్వరగా తేలిపోతుంది. పోరాటమంటే ఏళ్లు. వెబ్‌సైట్ షాపింగ్ కార్ట్ పేటెంట్ కేసులో ఆన్‌లైన్ ఎలక్ట్రానిక్స్ దుకాణం న్యూఎగ్ 2010లో టెక్సాస్ జ్యూరీ ముందు 25 లక్షల డాలర్లకు ఓడి, 2013లో అప్పీలులో ఆ పేటెంట్‌నే కొట్టేయించింది. అంతకాలం నిలబడే డబ్బు చిన్న కంపెనీకి ఎక్కడిది? ఇది అన్యాయం.

రిస్క్: ఒకసారి కడితే ఇంకొకరు రావచ్చు.

జీతాలకే కటకటైతే రాజీ. పేటెంట్‌కన్నా ముందే అదే పని చేసిన ప్రోగ్రామ్ ఆధారం (దాంతో ఆ పేటెంట్ చెల్లదని వాదించొచ్చు) దొరికి, నోటీసులందుకున్న మిగతావాళ్లూ ఖర్చు పంచుకుంటే మాత్రం పోరాడండి.